పుట్టింటి కప్పు

ఇల్లు అనగానే మనకు ముందుగా జ్ఞప్తికి వచ్చునవి వంటయిల్లు, తులసికోట, వీధియరుగు. కప్పు ఎవరికిని జ్ఞప్తికి రాదు. అది కారుచున్ననాడు మాత్రమే తలయెత్తి దానివంక చూతుము. నేనును మొన్నటి వేసవివఱకు అట్లే యుంటిని. ఆ వైశాఖమున కోనసీమలోని మా పుట్టింటినుండి మా తమ్ముడు ఫోనుచేసి, "అక్కా! ఈ ఏడు పెంకులన్నీ దింపించి స్లాబు వేయిద్దామనుకుంటున్నాను. అమ్మ ఔననదు, కాదనదు. నువ్వొకసారి వచ్చి మాట్లాడు" అని చెప్పెను. ఆ మాట తీర్చుటకై నేను పయనమైతిని. దారిలో చూచిన కప్పులను, వానినిగూర్చి తెలిసికొన్న సంగతులను, తుదకు మా అమ్మ చెప్పిన తీర్పును మీకు విన్నవింప దలచితిని.

మేముండునది మెట్టప్రాంతము. మావారు అచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయులు. సెలవులకని ఆదోనివైపు పల్లెనుండి మా ఆడపడుచు తన పండ్రెండేండ్ల కూతురితో వచ్చియుండెను. వారును నాతో బయలుదేరిరి. మావారు మా మూటలు చూచి నవ్వి, "మీ యింటి కప్పు సంగతి తేల్చబోవుటకు ముందు, మన తెలుగునేలలోని మిక్కిలి పాత కప్పులలో నొకదానిని చూచి పొండు" అని మమ్ము గుంటుపల్లి కొండకు తీసికొనిపోయిరి.

గుంటుపల్లి ఏలూరునకు ఉత్తరముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున, కామవరపుకోట మండలములో, జీలకఱ్ఱగూడెము చెంత నున్నది. 2022లో జిల్లాలను విభజించిన పిదప ఇది ఏలూరు జిల్లాలో చేరినది. బౌద్ధ భిక్షువులు రెండువేల యేండ్లకు పూర్వము ఆ కొండను తొలిచి విహారములు చేసికొనిరి. కొండమీద ఇటుక కట్టడముల పునాదులును, చిన్న చిన్న రాతి స్తూపములును పెక్కులు గలవు. మెట్లెక్కి పోగా మాకు కనబడినది గుండ్రని చైత్యగుహ. దానిలోపల రాతిలోనే చెక్కిన స్తూపము కలదు. చుట్టుప్రక్కల వారు దానిని ధర్మలింగేశ్వరుడని కొలుతురు.

మేము లోపలికి పోయి చేతులు జోడించి తలయెత్తితిమి. ఎత్తిన తల దింపలేకపోతిమి. పైన కప్పు గొడుగువలె గుండ్రముగా వంగియున్నది. దాని నడినెత్తినుండి అంచులవఱకు వాసములు దిగివచ్చుచున్నవి. వానిని పట్టియుంచు అడ్డబద్దలును కలవు. ఏమఱుపాటున చూచినవారు అది కఱ్ఱతో కట్టిన గడ్డియిల్లే యనుకొందురు. కాని అంతయు ఒకే రాయి. వాకిటి పైభాగమున సైతము కమాను క్రింద దూలముల కొనలు బయటికి వచ్చినట్లు చెక్కియున్నారు. బీహారులో బరాబరు కొండలలోని లోమశఋషి గుహ వాకిలియు ఇట్టిదే యని మావారు చెప్పిరి.

నా చిన్నతనమున నాయనగారు నాచేత అమరము వల్లె వేయించిరి. అందు కప్పునకు పటలమనియు, ఛది యనియు, చూరునకు వలీకమనియు, నీధ్రమనియు, కప్పును మోయు వంపుమ్రానికి గోపానసి యనియు పేర్లు గలవు. అర్థము చెప్పగల్గితిని గాని గోపానసి యెట్లుండునో నేనెన్నడును కంట చూడలేదు. ఆనాడు ఆ గుహలో చూచితిని. మా మేనకోడలు వెల్లకిల పండుకొని వేలితో లెక్కించుచుండగా, "తిన్నయింటి వాసాలు లెక్కపెట్టకూడదే తల్లీ" అని దాని తల్లి మందలించెను. అది, "ఇక్కడ మనమేమీ తినలేదు కదమ్మా!" అనెను. అందఱమును నవ్వుకొంటిమి.

నవ్వు తీరిన పిదప నాకొక సందేహము కలిగినది. రాతికప్పునకు వాసములతో పనియేమి? అవి దేనిని మోయుటలేదు. కొండయే కప్పును మోయుచున్నది. అయినను ఆ శిల్పి అంత శ్రమపడి వానినేల చెక్కెను? అతని కన్నులకు కప్పు అనగా అదియే. అతడు పుట్టి పెరిగిన ఇండ్లు కఱ్ఱవాసములమీద గడ్డియో ఆకో కప్పినవి. ఆ యిండ్లలో ఒక్కటియు నేడు మిగులలేదు. గడ్డి చీకిపోయినది, కఱ్ఱను చెద తినినది. వాని రూపు మాత్రము రాతిలో నిలిచినది. ఆనాటి ఊళ్ళలో పెంకుటిండ్లును ఉండెను. శాతవాహనుల కాలపు ఊళ్ళ త్రవ్వకములలో కప్పు పెంకులు దొరకినవి. కాని సామాన్యునకు గడ్డియిల్లే యిల్లు.

అట్టి గుండ్రని యిల్లు ఈ కాలమునకును పూర్తిగా పోలేదు. కొన్నియేండ్ల క్రిందట శ్రీకూర్మము సేవించుకొని వచ్చునప్పుడు శ్రీకాకుళము సముద్రతీరమున చుట్టిండ్లను చూచితిని. గోడ గుండ్రముగా మట్టితో పెట్టుదురు. కప్పు కూచిగా లేచి, చూరు నేలకు మూరెడెత్తున నిలుచునంత క్రిందికి దిగును. వంగి లోపలికి పోవలెను. ఎండలో నడిచి వచ్చిన నాకు లోపల ఏటియొడ్డున నిలిచినట్లుండెను. ఆ యింటి ముసలమ్మను, "ఇంత క్రిందికేల దించిరి?" అని యడిగితిని. "గాలికమ్మా" యని ఒక్కమాటతో చెప్పెను. మూలలు లేని గోడను గాలి పట్టుకొనలేదు, ప్రక్కలకు జారిపోవును. చూరు క్రింద దూరుటకు సందు దొరకనిచో కప్పును పైకెత్తలేదు. ఏ కళాశాలలోను చదువని వారు ఈ సంగతిని సముద్రమునొద్దనే నేర్చికొనిరి.

తాటాకు, రెల్లు, వరిగడ్డి మన తీరమున ఎల్లవారికిని అందుబాటులో నుండిన కప్పులు. చల్లదనమున వానికి సాటిలేదు. కాని రెండు మూడేండ్లకొకసారి మఱల నేయింపవలెను. వేసవి వచ్చిన నిప్పు భయము, కార్తికము వచ్చిన గాలి భయము. ఒక పొయ్యి నిప్పురవ్వకు వీధికి వీధి బూడిదయైన కథలు మన పెద్దలందఱును చెప్పుదురు. పాకలో వంటచేయు స్త్రీ గాలి తిరిగినపుడెల్ల పొయ్యివంక చూచుచునే యుండవలెను.

మఱునాడు బస్సులో కోనసీమకు పోవుచుండగా మా ఆడపడుచు తన అత్తవారింటి కప్పును వర్ణించెను. అది మట్టిమిద్దె. రాతిగోడలమీద దూలములు, వానిపై దంతెలు, వానిపై దగ్గఱ దగ్గఱగా పుల్లలు, పుల్లలపై వేపాకో కానుగాకో పఱచి, తడిమట్టి త్రొక్కి, అన్నిటికిని పైన చౌడుమన్ను పోయుదురట. చౌడు నేలలో పంట పండదు. కాని అదే మన్ను మిద్దెపైకి ఎక్కినచో వానచినుకు తగులగానే మెత్తనై సందులను పూడ్చి నీటిని దిగనీయదు. పొలమునకు పనికిరానిది ఇంటికి ప్రాణమగుట నాకు వింతగా తోచినది. వానకాలమునకు ముందు ఆడువారందఱు గంపలతో చౌడు మోసి మిద్దెపై క్రొత్తగా పోయుదురు. వెలుతురు కొఱకు మిద్దెలో గవాక్షి యను రంధ్రముండును. వాన వచ్చిన దానిపై మూత వేయుదురు. నీరు దోనెలగుండా వీధిలోకి పడును. మిరపకాయలు ఎండబెట్టుట, వేరుసెనగ ఆరబోయుట, వేసవి రాత్రులు పండుకొనుట, అన్నియు మిద్దెమీదనే.

"అంత చదునుగా ఉంటే కారదా?" అని నేనడిగితిని.

"ఒకనాటి వాన మా మిద్దెకు పండుగ వదినా. విడవకుండా మూడునాళ్ళు పడితే ఏడుపే" అని ఆమె చెప్పెను.

ఆ మాటలో సీమ కప్పుయొక్క శాస్త్రమంతయు నున్నది. అనంతపురము వంటి చోట్ల ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము పడును. గోదావరి తీరమున దానికి దాదాపు రెట్టింపు. తక్కువ వాన గల చోట కప్పు చదునుగా నుండవచ్చును, ఎక్కువ వాన గల చోట అది వాలి నీటిని విడువవలెను. లెక్కకు మించి వాన పడిననాడు మిద్దె నిలువదు. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు నగరమును ముంచినపుడు నీటికి నాని కూలిన మట్టియిండ్లెన్నో. తన యింటి వెనుకటి గది కూడ ఆ వానలలోనే కూలెనని చెప్పి ఆమె కిటికీవైపు మొగము త్రిప్పుకొనెను.

మధ్యాహ్నమునకు మా పుట్టిల్లు చేరితిమి. అది మండువా లోగిలి. నడుమ ఆకాశము, చుట్టును నాలుగు వసారాలు, వసారాల వెనుక గదులు. నాలుగువైపుల కప్పులును లోపలికి వాలి మండువాలోనికి నీటిని విడుచును. ఆ నీరు తూముగుండా పెరటి కొబ్బరిచెట్లకు పోవును. మా మేనకోడలు అరుగుదాటి లోపలికి వచ్చి, పైకి చూచి, "అత్తా! ఇంటినడుమ వాన కురిపించుకుంటారా మీరు?" అని కన్నులు పెద్దవి చేసెను. మా అమ్మ దాని తలనిమిరి, "మాకు వానకు కరవులేదమ్మా. అందుకే లోపలికి పిలుచుకుంటాం" అనెను.

మా యింటి కప్పులో రెండు తరముల పెంకులున్నవి. వంటసాలపై నుండునవి గూనపెంకులు. వీనిని కుమ్మరి చక్రముమీద గొట్టమువలె లాగి, నిలువున రెండుగా కోసి, ఆరవేసి కాల్చును. ఒక వరుస వెల్లకిలగాను, వాని సందులపై మఱియొక వరుస బోరగిలగాను పఱచుదురు. తక్కిన లోగిలిపై నుండునవి బల్లపరుపు మంగుళూరు పెంకులు. చిన్ననాడు తుపానుకు జారిపడిన ఒక పెంకు వీపుమీద ఇంగ్లీషు అక్షరములును, 1865 అను అంకెయు చూచి, మా యిల్లు ఆ యేడు కట్టినదేయని తోడి బాలికలతో గొప్పలు చెప్పుకొంటిని. పెండ్లియైన తరువాత మావారు ఆ గొప్పను పోగొట్టిరి. అది ఇంటి వయస్సు కాదు, కార్ఖానా వయస్సు.

స్విట్జర్లాండులోని బాసెలు నగరపు క్రైస్తవ మిషనువారు 1865లో మంగుళూరున జెప్పు అనుచోట, నేత్రావతి యొడ్డున, ఒక పెంకుల కార్ఖానా పెట్టిరి. దానికి కర్త జార్జి ప్లెబ్స్టు అను జర్మను దేశీయుడు. ఒకదానినొకటి పట్టుకొను గాడిపెంకును 1841లో ఫ్రాన్సు దేశమున అల్సేసు సీమకు చెందిన గిలార్డోని సోదరులు కనిపెట్టియుండిరి. ఆ కూర్పును ప్లెబ్స్టు మన ఏటిమట్టితో అచ్చులో పోయించెను. గూనపెంకులకంటె ఇవి తక్కువ సంఖ్యలో ఎక్కువ చోటు కప్పును. గాడి గాడిలో కూర్చుండుటచే కోతియో పిల్లియో నడిచినంత మాత్రమున జారవు. అందుచే దేశమంతటను వ్యాపించినవి. ఇతర చోట్ల కార్ఖానాలవారును అదే తీరున చేయుటచే, ఎచ్చట చేసినను వానికి మంగుళూరు పేరే నిలిచినది. ఒక విధమున మేలే జరిగినది. కాని చక్రముమీద పెంకు లాగు కుమ్మరికి పని తగ్గినది. మా వంటసాల గూనపెంకు ఒకటి పగిలినచో నేడు దానికి జత దొరకుట దుర్లభము.

ఆ రాత్రి భోజనములైన పిదప మండువా చుట్టును చాపలు వేసికొని కూర్చుంటిమి. మా తమ్ముడు తన వాదము వినిపించెను. పెంకు సర్దువాడు ఊరిలో ఒక్కడే మిగిలెను, డెబ్బది దాటినవాడు. అతని కొడుకులు ఆ పని నేర్వలేదు. ఏటేట వాసములకు చెద. కొబ్బరికాయ పడినపుడెల్ల నాలుగు పెంకులు పోవును. అతడు చెప్పినదంతయు నిజమే. నేను స్లాబు ఉక్కను గూర్చి చెప్పితిని. సిమెంటు కప్పు పగలంతయు ఎండను త్రాగి రాత్రియంతయు మనపై క్రక్కును. పెంకుల సందులలో వేడిగాలి పైకి పోవును. అదియు నిజమే. ఎవరి నిజము వారు పట్టుకొని మేము గొంతులు పెంచుచుంటిమి.

మా అమ్మ అంతవఱకు తమలపాకుల ఈనెలు తీయుచుండెను. తలయెత్తక, "తొంబదియారు తుపాను రాత్రి మనం ఎక్కడున్నాం?" అని యడిగెను.

ఇద్దఱమును మాటలాడలేదు. 1996 నవంబరు 6. నాకప్పుడు ఏడవయేడు, తమ్ముడు చంకబిడ్డ. చీకటి పడిన పిదప గాలి పెరిగెను. మొదట కొబ్బరిచెట్లు విఱుగు చప్పుడు. తరువాత మా తలపై పెంకులు ఒకటొకటిగా లేచుట మొదలిడెను. పెంకును ఏదియు కట్టియుంచదు. తన బరువే దానిని నిలుపును. గాలి చూరు క్రిందనుండి దూరినపుడు ఆ బరువు చాలదు. నాయనగారు నన్ను భుజమున వేసికొని, అమ్మ తమ్ముని కొంగున చుట్టుకొని, గోడలు పట్టుకొనుచు పాఠశాలకు పోయితిమి. మా వీధిలో స్లాబుగల కట్టడము అదొక్కటే. తాటాకిండ్లవారందఱును అప్పటికే అచ్చట నుండిరి. తెల్లవారునప్పటికి వారి యిండ్ల చోట గోడలే మిగిలెను. మా యింటికి సగము కప్పు లేదు. ఆ తుపానున గోదావరి మండలమున వేయిమందికి పైగా మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు పోయిన ప్రాణములు అంతకు ఎన్నో రెట్లు.

"ఆ కప్పు మనల్ని కాచింది" అని అమ్మ చెప్పెను. "దాన్ని నేను తిట్టను. కాని ఈ పెంకుల కిందే మీ నాయనగారు మీకు చదువు చెప్పారు, ఈ పెంకుల కిందే కన్నుమూశారు. దీన్నీ వదలను. పడమటివైపు రెండు గదులకు స్లాబు వేయించు. చిన్నవి కాదు, వీధిలోవాళ్ళు పదిమంది వచ్చినా కూర్చోగలిగేలా వేయించు. మండువా చుట్టూ పెంకులే ఉంచు. ఐతే ఒక్క మాట. ఆ పెద్దాయన బ్రతికుండగానే నువ్వు వెళ్ళి పెంకు సర్దడం నేర్చుకో. పనివాడు లేడని ఇల్లు మార్చుకోవడం కాదు, పని నేర్చుకోవాలి."

మా తమ్ముడు కొంతసేపు ఊరకుండి, "సరేనమ్మా" అనెను. బ్యాంకిలో పనిచేయు ఆ పిల్లవాడు మఱునాటి యుదయము లుంగీ బిగించి నిచ్చెన యెక్కుట నేను కన్నులార చూచితిని. క్రిందనుండి ఆ ముసలాయన, "పెంకు మీద కాదు బాబూ, వాసం మీద అడుగేయండి" అని కేకలు వేయుచుండెను.

సోదరీమణులారా! గుంటుపల్లిలో నాకు తోచిన ప్రశ్నకు ఆ నిచ్చెనయొద్ద సమాధానము దొరకినది. గడ్డియిల్లు రెండువేల యేండ్లు నిలిచినది రాతివలన మాత్రమే కాదు. రెండు మూడేండ్లకొకసారి దానిని మఱల నేయు చేతులుండుటచే శ్రీకాకుళము తీరమున అది నా కన్నులయెదుటివఱకు వచ్చినది. చౌడు మోయు ఆడువారుండుటచే మిద్దె నిలిచినది. చేతులు పోయినచో ఏ కప్పును నిలువదు.

స్లాబు వేయించుకొనువారికి నేను తెలిసికొన్న రెండు సంగతులు చెప్పి ముగించెదను. మొదటిది: స్లాబుపై ఏటేట వేసవికి ముందు తెల్లని సున్నము పూయించుకొనుడు. తెలుపు ఎండను త్రిప్పికొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులకొఱకు ప్రత్యేకముగా ఒక విధానమునే ప్రకటించినది. రెండవది: చవుకయని పాత ఆస్బెస్టాసు సిమెంటు రేకులను తెచ్చి కోయించుట, మేకులు దిగగొట్టించుట చేయవలదు. అందలి సన్నని నారపోగులు ఊపిరితిత్తులలో చేరి, ఏండ్ల తరువాత క్యాన్సరు వంటి వ్యాధులు కలిగించునని వైద్యులు తేల్చిరి. అనేక దేశములు వానిని నిషేధించినవి. ఇంటిపై నుండిన రేకు పగిలినచో పిల్లలను దానిదరికి పోనీయకుడు, ఆ పొడిని ఊడ్వకుడు.

పడమటిగదుల స్లాబు మృగశిర కార్తెకు ముందే ముగిసినది. తొలివాన కురిసిననాడు అమ్మ నాకు ఫోనుచేసెను. మండువాలో నీరు పడు చప్పుడు ఫోనులోనే వినబడుచుండెను. "మూడుచోట్ల కారిందమ్మాయీ. మీ తమ్ముడెక్కి రెండు సర్దాడు" అని చెప్పెను.

"మూడవది?" అని యడిగితిని.

"దాని కింద గిన్నె పెట్టాను. వచ్చే ఆదివారం సర్దుతాడట" అని నవ్వెను.